573 కిలోమీటర్ల రోల్స్ రాయిస్!

మా శ్రీహరికోట సైడు ‘వెహికల్’ అంటే కారో బైకో అనుకోకండి, రాకెట్ అన్నమాట. “వెహికల్ ఎప్పుడు పోతుంది?” అని అడిగితే పీఎస్‌ఎల్‌వీ గురించే. కానీ ఈరోజు ఎపిసోడ్ నాలుగు చక్రాల వెహికల్ మీద. హైదరాబాద్‌లో, చార్మినార్‌కి నడిచేంత దూరంలో ఉన్న చౌమహల్లా ప్యాలెస్‌కి వచ్చేశాం. నిజాంలు దర్బారు చేసిన చోటు ఇది. 18వ శతాబ్దంలో మొదలుపెట్టి 19వ శతాబ్దంలో పూర్తి చేశారు. షాండ్లియర్ల వీడియోలు ఇప్పటికే బోలెడున్నాయి కాబట్టి నేరుగా కార్ల దగ్గరికే పోదాం.

ఇదిగో, ఈ పసుప్పచ్చ కారు! 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లు దాటిన ఇంజిన్. మన ఇళ్లల్లో ఉండే చిన్న కారుది 1.2 లీటర్లు, గుర్తుపెట్టుకోండి. వెనక సీటు చూశారా? ఎత్తుగా, అచ్చం సింహాసనమే. ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. పాపం, 1911 ఆగస్టులోనే ఆయన పోయారు, ఈ కారు ఎక్కనేలేదు. తర్వాత కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఊరేగింపులకి, వేడుకలకి వాడారు.

1947 దాకా ఇది మొత్తం తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. అంటే 573 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి మా సూళ్లూరుపేటకి ఒక్క ట్రిప్పు వేస్తే దాదాపు అయిపోయే లెక్క! ముప్పై ఐదేళ్లలో అంతే.

నాకు కొంచెం కుళ్లుగానే అనిపించింది, నిజం చెప్తున్నా. మా ఊళ్లో ఎంతోమంది నాన్నలు ఏళ్ల తరబడి పనిచేసి పంపిన వెహికల్స్, కింది స్టేజీలన్నీ సముద్రంలో పడిపోతాయి. “ఇది మా నాన్న బిగించింది” అని చెయ్యేసి చూపించడానికి ఏదీ మిగలదు. పెద్దగా తిరగని ఈ కారు మాత్రం వందేళ్లు దాటినా తళతళలాడుతోంది.

ఇంకో మాట. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి మూలం అదే. ఆర్టీసీ బస్సుల నంబర్లలో ‘జెడ్’ ఉంటుంది కదా, అది ఉస్మాన్ అలీ ఖాన్ తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు. ఆ కాలం నాటి ఆల్బియన్ బస్సు ఒకటి బస్ భవన్‌లో దాచి ఉంచారు. సెల్ఫీలన్నీ రోల్స్ రాయిస్‌కే గానీ, టికెట్ కొనుక్కుని జనం ఎక్కిన ఆ బస్సంటేనే నాకు ఎక్కువ ఇష్టం. నెక్స్ట్ ఎపిసోడ్ దాని మీదే.

మీరు వస్తే మాత్రం శుక్రవారం రాకండి, ప్యాలెస్‌కి సెలవు.