గర్భిణి చేతిలోని మందు – అమ్మనుడిలో తెలుసుకునే హక్కు

(యానాం, దరియాలతిప్పలో చేసిన ప్రసంగ పాఠం)



భాషా హక్కుల సభ అనగానే బడి గురించో, బోర్డుల గురించో, ప్రభుత్వ ఉత్తర్వుల గురించో మాట్లాడతారని అనుకోవడం సహజం. ఈ రోజు నేను మందుల షాపు గురించి మాట్లాడదలచుకున్నాను. గర్భిణి అయిన ఆడబిడ్డ డాక్టరు చీటీ లేకుండా కొని మింగే మందుల గురించి మాట్లాడదలచుకున్నాను. నేను వైద్యుణ్ణి కాను, న్యాయవాదిని. వైద్యశాస్త్రం నిర్ధారించి చెప్పిన సంగతులను మీ ముందు ఉంచి, వాటిని మన భాషలో తెలుసుకునే హక్కు మనకు ఎంతవరకు ఉన్నదో, ఎక్కడ లేదో చెప్పడం నా పని.

మనం మందును ఎలా అడుగుతామో ఒకసారి ఆలోచించండి. జ్వరం బిళ్ళ, తలనొప్పి బిళ్ళ, ఒళ్ళునొప్పుల బిళ్ళ, గ్యాస్ బిళ్ళ అంటాం. రోగం పేరు చెప్పి మందు కొంటాం. కొంచెం తెలిసినవారు కంపెనీ పెట్టిన పేరు చెబుతారు. కాని ఆ బిళ్ళలో ఉన్న అసలు మందు పేరు మనలో ఎక్కువమందికి తెలియదు. అది షీటు మీద సన్నని ఇంగ్లీషు అక్షరాలలో ఉంటుంది. షాపువారు కత్తెరతో రెండు బిళ్ళలు కత్తిరించి ఇస్తే ఆ అక్షరాలు కూడా మన చేతికి రావు. గర్భిణికి మేలు చేసేదీ, కీడు చేసేదీ కంపెనీ పెట్టిన పేరు కాదు, ఆ లోపలి మందు. అసలు చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఒక ఉదాహరణ చెబుతాను. గర్భిణికి జ్వరమో నొప్పో వచ్చినప్పుడు వైద్యులు సాధారణంగా మొదట సూచించే మందు పారాసిటమాల్. అవసరమైనంత తక్కువ మోతాదులో, తక్కువ రోజులు వాడమంటారు. డోలో అన్నా, క్రోసిన్ అన్నా లోపల ఉన్నది పారాసిటమాలే. ఇది తెలియక ఉదయం ఒక పేరుతో, మధ్యాహ్నం మరో పేరుతో రెండూ మింగితే మోతాదు రెట్టింపు అవుతుంది. పెద్దవారికి రోజుకు 4 గ్రాములు దాటరాదని హద్దు ఉన్నది. అంటే 500 మిల్లీగ్రాముల బిళ్ళలు 8, 650 మిల్లీగ్రాములవి 6. అది దాటరాని గీత మాత్రమే, వాడుకోవలసిన లెక్క కాదు. గర్భిణి అంత దూరం పోనక్కరలేదు. జ్వరం రెండో రోజుకూ తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్ళాలి.

2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ పెద్దలు ఈ మందుకూ పిల్లల ఆటిజంకూ ముడిపెట్టి మాట్లాడగా ఆ వార్త మన ఊళ్ళ దాకా వచ్చింది. అటువంటి సంబంధాన్ని నిర్ధారించే శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నెలలోనే ప్రకటించింది. ఆ వార్తకు భయపడి తీవ్రమైన జ్వరాన్ని మందు లేకుండా ఓర్చుకోవడం మంచిది కాదు. ఎక్కువ జ్వరం కూడా గర్భానికి చేటే.

ఇక రెండో వైపు చూడండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, మెఫెనామిక్ ఆమ్లం – ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన నొప్పి మందులు. 20 వారాలు, అనగా అయిదో నెల వచ్చిన తరువాత వీటిని వాడితే కడుపులోని బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని, ఉమ్మనీరు తగ్గవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో హెచ్చరించింది. 30 వారాల తరువాత ఇవి బిడ్డ గుండె దగ్గర పుట్టేవరకు తెరిచి ఉండవలసిన రక్తనాళాన్ని ముందే మూసివేసే ప్రమాదం ఉన్నది. మొదటి నెలల్లో కూడా డాక్టరు చెప్పనిదే వీటి జోలికి పోరాదు. పూత మందుల్లో కూడా డైక్లోఫెనాక్ ఉంటుంది, అది కొంత ఒంట్లోకి ఇంకుతుంది గనుక అడగకుండా రాయకూడదు.

కాంబిఫ్లామ్ సంగతి చూడండి. అందులో పారాసిటమాల్ ఉన్నది, దానితోపాటు ఐబుప్రోఫెన్ కూడా ఉన్నది. పారాసిటమాల్ మంచిదేనని విన్న తల్లి ఆ భరోసాతో దీన్ని మింగితే, వద్దన్న మందు కూడా కడుపులోకి పోయినట్లే. ఆమె తప్పు ఏమీ లేదు. షీటు మీద రెండు పేర్లూ ఉన్నాయి. ఆమె చదవగల లిపిలో లేవు.

జలుబు బిళ్ళల్లో చాలావాటిలో మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి. అందులో ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ వంటివి రక్తనాళాలను బిగిస్తాయి. మొదటి మూడు నెలల్లోను, రక్తపోటు ఉన్నవారికి ఎప్పుడూను అవి తగవు. ఆవిరి పట్టడం, ఉప్పునీటి చుక్కలు వేసుకోవడం మేలు. గుండెల్లో మంటకు కాల్షియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు సాధారణంగా ఫరవాలేదంటారు. సోడా ఉప్పుతో చేసిన పొడులు మాటిమాటికీ తాగరాదు, ఒంట్లో ఉప్పు పెరుగుతుంది. యాంటాసిడ్‌నూ, కాల్షియం బిళ్ళనూ ఐరన్ బిళ్ళతో కలిపి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు. మధ్యలో కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ బిళ్ళ మింగిన వెంటనే టీ తాగడం కూడా అంతే.

మానకూడని మందులు కూడా ఉన్నాయని మరువకండి. ఏఎన్ఎం ఇచ్చే ఎర్ర బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వాడాలి. రక్తపోటు ముప్పు ఉన్న కొందరికి డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. ‘నొప్పి బిళ్ళలు మంచివి కావట’ అని ఎవరో చెప్పిన మాట విని దానిని సొంతంగా మానేయకూడదు. మూర్ఛ, థైరాయిడ్, షుగరు మందులు వాడుతున్నవారు కూడా అంతే.

ఫోలిక్ ఆమ్లం పేరు వచ్చింది గనుక ఒక తెలుగువాని పేరు చెప్పకుండా ముందుకు పోలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే నాళం గర్భం నిలిచిన 28 రోజులలోపే మూసుకుంటుంది. అది సరిగా మూసుకోవడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అందుకే బిడ్డను కోరుకునేవారు గర్భం రాకముందు నుండే రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని వైద్యులు చెబుతారు. 1948లో అదే సంస్థ నుండి డగ్గర్ అనే శాస్త్రవేత్త కనుగొన్న ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. ఎన్నో ప్రాణాలు నిలిపిన ఆ కుటుంబపు మందులే గర్భిణి వాడితే బిడ్డ పళ్ళలో, ఎముకల్లో చేరి మచ్చలు తెస్తాయి. ఒకే ప్రయోగశాల నుండి వచ్చిన రెండు మందుల్లో ఒకటి గర్భిణికి తప్పనిసరి, రెండవది కూడనిది. పేరు తెలియనివారు ఆ రెండింటినీ ఎలా వేరుచేసుకోగలరు? కిందటిసారి మిగిలిపోయిన యాంటీబయాటిక్ బిళ్ళను డబ్బాలో నుండి తీసి మింగరాదని నేను గట్టిగా చెప్పడం ఇందుకే.

‘ఇంగ్లీషు మందులే కదా ప్రమాదం, నాటు మందుకు భయమేమిటి’ అనేవారు ఉన్నారు. 2011–12లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో ప్రమాదకర స్థాయిలో సీసం బయటపడింది. వారు వాడినవి మన దేశంలో తయారైన ఆయుర్వేద మాత్రలు. ఆయుర్వేదాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. లోపల ఏముందో తెలియని భస్మమైనా, బిళ్ళైనా గర్భిణికి ఒకటే.

ఇక చరిత్ర చెప్పిన అతి పెద్ద పాఠం. 1957 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమందును చీటీ లేకుండానే అమ్మారు. ఏ ప్రమాదమూ లేనిదని ప్రచారం చేశారు. వేవిళ్ళకు కూడా వాడారు. చేతులు కాళ్ళు లేకుండా, కురచగా పుట్టిన పిల్లల సంఖ్య ప్రపంచమంతటా 10,000 దాటింది. 1961 నవంబరులో గాని ఆ మందును వెనక్కి తీసుకోలేదు. ఆ తల్లులలో చాలామంది చేతిలోని అట్టపెట్టెల మీద వారి భాషే ఉన్నది. అయినా వారికి చెప్పవలసిన నిజం చెప్పలేదు. తెలిసిన నిజాన్ని కూడా పరాయి భాషలో అచ్చువేసి ‘చెప్పాం కదా’ అనడం మన దగ్గర జరుగుతున్నది.

మన చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 1945 నాటి నిబంధనల ప్రకారం షీటు మీద మందు పేరు, మోతాదు, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలి. షెడ్యూలు హెచ్‌లోని మందుల మీద డాక్టరు చీటీ మీదనే అమ్మాలన్న హెచ్చరిక ఉండాలి. డైక్లోఫెనాక్ ఆ షెడ్యూలులోనిదే. కాని ఆ హెచ్చరిక కొనేవారి భాషలో ఉండి తీరాలన్న నియమం లేదు. ఇదే రాజ్యం 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలలో మరోలా ఆలోచించింది. పురుగుమందు అమ్మే ప్రాంతపు భాషలో కూడా వివరాలు అచ్చువేయాలన్నది. అందుకే గోదావరి రైతు చేతిలోని పురుగుమందు డబ్బాతో వచ్చే కాగితం మీద తెలుగు కనబడుతుంది. పంట మీద చల్లే మందుకు తెలుగు ఉండి, గర్భిణి మింగే మందుకు లేకపోవడం ఏ న్యాయం?

ఇంకొకటి గమనించండి. మందు వలన హాని జరిగితే తెలియజేయడానికి ప్రభుత్వపు ఔషధ భద్రతా కార్యక్రమం వారు ప్రజల కోసం తయారుచేసిన పత్రం తెలుగులో కూడా ఉన్నది. 1800-180-3024 అనే ఉచిత ఫోను కూడా ఉన్నది. వాడుకోండి. హాని జరిగాక చెప్పుకోవడానికి తెలుగు ఉన్నప్పుడు, హాని జరగకుండా చూసుకోవడానికి తెలుగు ఎందుకు ఉండకూడదు?

యానాం వారికి ఒక బలం ఉన్నది. 1965 నాటి పాండిచ్చేరి అధికార భాషా చట్టం తమిళాన్ని అధికార భాషగా చెబుతూనే, మాహేలో మలయాళానికీ యానాంలో తెలుగుకూ చోటిచ్చింది. కనుక ఆస్పత్రిలో తెలుగు హెచ్చరిక పలకలు, గర్భిణులకు తెలుగు కరపత్రాలు అడగడం దయ కోరడం కాదు. హోసూరులో, కోలారులో, బళ్ళారిలో, రాయగడలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఈ వెసులుబాటు లేదు. వారికి రాజ్యాంగం 350వ అధికరణం ఉన్నది. ఏ అధికారికైనా కేంద్రంలోగాని, ఆ రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకోవచ్చునని అది చెబుతున్నది. 350బి కింద భాషాపరమైన అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేక అధికారి కూడా ఉన్నారు.

అందరికీ పనికివచ్చే మరో ఆధారం 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు. మందు పేరు, మోతాదు, ఎన్ని రోజులు వాడాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్న సంగతులు రోగికి వివరించడం ఫార్మసిస్టు చేయవలసిన పని అని అవి చెబుతున్నాయి. అర్థం కాని భాషలో చెప్పిన వివరణ వివరణే కాదు. అందుకే షాపులో నిలబడి నాలుగు మాటలు తప్పక అనండి. మొదటిది, ‘నేను గర్భిణిని, ఇన్నో నెల.’ రెండవది, ‘ఇందులో ఉన్న మందుల పేర్లన్నీ తెలుగులో చెప్పండి.’ మూడవది, ‘రోజుకు ఎన్ని, ఎన్ని రోజులు?’ నాలుగవది, ‘పేరూ గడువు తేదీ ఉన్న ముక్కతో ఇవ్వండి, బిల్లు రాయండి.’ ఇంటికి వచ్చాక తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో ఒక కాగితం పెట్టి మందు పేరు తెలుగు అక్షరాలలో రాసుకోండి. చదువుకుంటున్న పిల్లల చేత రాయించండి. మీరు యానాం ఆస్పత్రికి వెళ్ళినా, కాకినాడకు వెళ్ళినా ఆ కాగితం మీతో రావాలి. రాష్ట్రం సరిహద్దు దాటగానే డాక్టరు మారతారు, మీ కడుపులోని బిడ్డ మారదు.

కొన్ని బాధలకు మందుల షాపు అసలు దారే కాదు. రక్తం కనబడినా, తలనొప్పి తీవ్రమై కళ్ళు మసకబారినా, ముఖం చేతులు వాచినా, నీళ్ళు కూడా కడుపులో నిలవకుండా వాంతులైనా, బిడ్డ కదలిక తగ్గినా బిళ్ళ కోసం చూడకండి. ఆ తలనొప్పి రక్తపోటు పెరగడం వలన వచ్చినదైతే, బిళ్ళ నొప్పిని కప్పిపెడుతుంది, ప్రమాదాన్ని కాదు. వెంటనే 108కి ఫోను చేయండి.

చివరిగా మీ ముందు రెండు కోరికలు పెడుతున్నాను. గర్భిణులకు సంబంధించిన హెచ్చరిక ప్రాంతీయ భాషలో ఉండేలా 1945 నాటి నిబంధనలను సవరించాలని కేంద్ర ఆరోగ్య శాఖకు ఈ ఊరి నుండి తెలుగులో విన్నపం రాద్దాం. దానిపై తొలి సంతకాలు గర్భిణులవి, బాలింతలవి కావాలి. ఢిల్లీ నుండి జవాబు వచ్చేలోగా మన మందుల షాపుల యజమానులను కలిసి, గర్భిణులు అడగకుండా వాడకూడని మందుల పేర్లతో ఒక తెలుగు పలక తగిలించమని అడుగుదాం. ఆ పేర్లు ఏవో యానాం ఆస్పత్రి వైద్యుల చేతనే రాయిద్దాం. మొదటి పనికి ఏళ్ళు పట్టవచ్చు. రెండవది ఈ వారంలో చేయగలం. రేపు ఉదయం నాతో షాపుల దాకా రాగలవారు ఇప్పుడే పేర్లు చెప్పండి.

సెలవు.