నాము – నెత్తుటిలోని ఇనుము



కీసరగుట్టకు పోవు త్రోవలో మా ఊరు నాగారము. ఇప్పుడచట ఇండ్లు నిండినవి గాని, నా బాల్యమున మా యింటి వెనుకనే జొన్నచేలుండెడివి. ఒక యేడు వానలు వెనుదీసి పైరు మోకాలిబంటి యెత్తుననే గిడసబాఱినది. మా పాడియావు పలుపుత్రాడు త్రెంపుకొని ఆ చేనిలోబడి కడుపార మేసెను. ఇంటికి తోలుకొని వచ్చునంతలోనే రొప్పి, నురుగు గ్రక్కి, కూలబడి ప్రాణము విడిచెను. కొందఱు పాము కఱచినదనిరి. కొందఱు దిష్టి యనిరి. మా తాతగారు మాత్రము “నాము తగిలినది” అని ఊరకుండిరి. ఆ నాము ప్రాణమునెట్లు తీయునో నాకు చెప్పగలవారు నాడు లేకపోయిరి. బడిపంతులనైన పిమ్మట చదివి తెలిసికొన్నదానిని ఈ పూట మీకు విన్నవింతును.

ముందొక చిన్న వింత. బడిలో పిల్లలకు నేను మైలుతుత్తము కరగించిన నీటిని చూపెడివాడను. అది లేతనీలముగా నుండును. నవాసాగరమును సున్నముతో నూఱినప్పుడు ముక్కు పగులగొట్టు ఘాటు పుట్టునుగదా, అదియే అమోనియా. అది కరగిన నీటిని తుత్తపు నీటిలో ధారాళముగా పోసినచో చిక్కని ముదురునీలమేర్పడును. రాగి ఆ రాగియే. దాని చుట్టునున్నవారు మాత్రము మాఱిరి. అమోనియాలోని నత్రజని తనకు మిగిలిన ఎలక్ట్రానుల జంటను లోహమునకు చాచి దానిని పట్టుకొనును. నీటి పట్టుకంటె ఈ పట్టు బిగువైనది. అందుచే లోహము మ్రింగు వెలుగు మాఱి, రంగు మాఱును. ఇట్లు లోహమును చుట్టుకొనువానిని శాస్త్రజ్ఞులు లైగాండులందురు, మనము చుట్టములందము. కోబాల్టు లోహము చుట్టు ఆఱు అమోనియాలు చేరినచో పసుపువన్నె. అందొకటి తొలగి క్లోరిను చేరినచో ఊదావన్నె. ఈ చుట్టఱికపు మర్మమును 1893లో విప్పిచెప్పిన ఆల్ఫ్రెడ్ వెర్నరు పండితునకు 1913లో నోబెలు బహుమానము లభించినది.

ఇట్టి చుట్టఱికమే మన బ్రదుకునకు మూలము. ఆకులోని పచ్చదనమునందు మెగ్నీషియమును నాలుగు నత్రజనులు నలుదెసల పట్టియున్నవి. నెత్తుటి యెఱుపునందు ఇనుమును నాలుగు నత్రజనులు అట్లే పట్టియున్నవి, ఐదవవైపు మాంసకృత్తులోని మఱియొక నత్రజని నిలిచినది, ఆఱవవైపు ఖాళీ. ఊపిరితిత్తులలో ప్రాణవాయువు ఆ ఖాళీలో కూర్చుండి, ఒడలిలో దిగిపోవును. వాననీట పడిన మేకు త్రుప్పుపట్టి చెడును; అదే యినుము ఈ కూటమిలో త్రుప్పుపట్టక ప్రాణవాయువును మోయుచు దించుచు తిరుగును. సహవాసమును బట్టి గుణమని పెద్దలనునది లోహములయందును చెల్లినది.

ఇక నాము మాట. లేత జొన్నలోను, ఎండకు గిడసబాఱినదానిలోను, కోసిన మోళ్ళనుండి లేచిన పిలకలలోను ధూర్రిన్ అను పదార్థమధికము. పశువు నమిలినప్పుడు దానినుండి సైనైడు విషము పుట్టును. కర్బనము, నత్రజని జంటకట్టిన చుట్టమది. కర్బనమువైపునుండి లోహమును పట్టును. ఒడలి కణములలో ప్రాణవాయువును వాడుకొను యంత్రమొకటి కలదు. దానియందును నత్రజనుల నడుమ ఇనుమే యున్నది. ఆ యినుముయొక్క ఖాళీలో సైనైడు కూర్చుండి లేవదు. నెత్తుట ప్రాణవాయువు నిండుగానుండియు ఒడలు దానిని వాడుకొనజాలదు. వాకిట ధాన్యపుబండి నిలిచియుండగా ఇంటివారు ఆకటితో మాడినట్లగును. అందుచేతనే నాము తగిలిన పశువు నెత్తురు మిక్కిలి యెఱ్ఱగానుండును.

విఱుగుడును చుట్టఱికమే. పశువైద్యులు సోడియము నైట్రైటును నరమునకెక్కింతురు. అది నెత్తుటిలోని కొంత యినుమును మార్చి, సైనైడును తనవైపు లాగుకొనజేయును. పిమ్మట హైపో యనబడు థయోసల్ఫేటునెక్కించినచో విషము నిరపాయమై మూత్రములో పోవును. మనుష్యులకు కోబాల్టుగల మందొకటి యిత్తురు. ఆ కోబాల్టు సైనైడును పట్టి బి12 విటమినుగా మాఱును. చంపవచ్చిన చుట్టము తగిన లోహమును చేరి మందైనది! అయితే నైట్రైటు మోతాదు మించినచో తానే విషము, ఇంట ప్రయత్నింపరాదు.

అయ్యలారా, మందుకంటె జాగ్రత్త మేలు. పూత పట్టని జొన్నలో పశువును విడువకుడు. బెట్ట పిమ్మట వాన పడి లేచిన లేతపైరు మఱియు చెడ్డది. కోసిన మోళ్ళమీది పిలకలను నమ్మకుడు. కోసిన మేతను బాగుగా ఎండబెట్టి వేయుడు. ఎండినకొలది విషము తగ్గును. ఆకలిగొన్న పశువును జొన్నచేని గట్టున కట్టకుడు. మేసిన వెంటనే రొప్పు, తూలుట కనబడినచో దిష్టి తీయుచు కాలము పుచ్చక పశువైద్యుని పిలువుడు. అచట గడియలు కాదు, నిమిషములే లెక్క.

మా తాతగారు నాము పేరెఱిగిరి, దాని త్రోవనెఱుగరు. త్రోవయు తెలిసిన మనము ఆవును పోగొట్టుకొన్నచో ఆ తప్పు మనదే యగును. సెలవు.