బాలల జట్టులో చోటు ఎవరికి? ఐస్ హాకీ ఎంపికలో వయసు లెక్కలు

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం గుర్తుకు వస్తాయి. ఈ ప్రసంగం ఆ హాకీ గురించి కాదు. గడ్డకట్టిన మంచు మీద, కాళ్లకు స్కేట్లు కట్టుకుని ఆడే ఐస్ హాకీ గురించి. ఒక్కో పక్షాన గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు ఆడతారు. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. పక్ ఉన్న ఆటగాణ్ణి భుజంతో ఢీకొట్టి పక్కకు నెట్టడం పెద్ద మగవాళ్ల ఆటలో నిబంధనలకు లోబడిన పనే. దాన్ని బాడీ చెక్ అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు అవసరం పడుతుంది.

తెలుగునాట మంచే పడదు కదా, ఈ ఆటతో మనకేం పని అని మీరు అడగవచ్చు. పిల్లల గుంపులోంచి కొందరిని ఏరి, మిగతావారిని ఇంటికి పంపే పని ఎక్కడ జరిగినా ఒక చిక్కు తప్పదు. ఆ చిక్కును అంకెలతో పట్టి చూపిన తొలి పరిశోధనలు కెనడా ఐస్ హాకీ మీదే జరిగాయి. కాబట్టి దాన్ని అక్కడే చూద్దాం.

1980లలో రోజర్ బార్న్స్‌లీ అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన భార్య పాలా ఒక జూనియర్ ఆట చూడటానికి వెళ్లారు. చేతికిచ్చిన కార్యక్రమ పత్రంలో ఆటగాళ్ల పుట్టిన తేదీలు ఉన్నాయి. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే ఎక్కువగా కనిపిస్తున్నాయని ముందుగా గమనించినది ఆమె. తరువాత వారు థాంప్సన్ అనే సహచరుడితో కలిసి పెద్ద జూనియర్ లీగుల జాబితాలను పరిశీలించి 1985లో ఫలితాలు ప్రకటించారు. మేటి జూనియర్ ఆటగాళ్లలో సుమారు 40 శాతం మంది సంవత్సరపు తొలి మూడు నెలల్లో పుట్టినవారు. చివరి మూడు నెలల్లో పుట్టినవారు 10 శాతం దరిదాపుల్లో ఉన్నారు. జననాలు ఏడాది పొడవునా ఇంచుమించు సమంగానే ఉంటాయి కనుక ఒక్కో త్రైమాసికానికి పాతిక శాతం చొప్పున రావాలి.

ఇది విని కొందరు రాశులను తలచుకోవచ్చు. మకర, కుంభ రాశుల వారికి మంచు అచ్చివస్తుందేమో! దీనికి చక్కటి పరీక్ష ఉంది. కెనడా హాకీలో వయసు తరగతులు జనవరి 1తో మొదలై డిసెంబరు 31తో ముగుస్తాయి. ఆ గీతను మరో తేదీకి జరిపితే ఏమవుతుంది? ఆ ప్రయోగం బెల్జియం బాలల ఫుట్‌బాల్‌లో జరిగింది. అక్కడ గీతను ఆగస్టు నుంచి జనవరికి మార్చారు. కొన్నేళ్లలో ఆటగాళ్ల పుట్టిన నెలల మొగ్గు కూడా దాని వెంటే జరిగింది. గ్రహాలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అంటే కారణం మనిషి గీసిన గీత.

ఇప్పుడు ఆ గీత చేసే పని చూడండి. ఎనిమిదేళ్ల పిల్లల జట్టులో జనవరి 1న పుట్టినవాడికీ డిసెంబరు 31న పుట్టినవాడికీ మధ్య దాదాపు ఒక ఏడాది తేడా. ఎనిమిదేళ్ల జీవితంలో అది ఎనిమిదో వంతు. చిన్నవాడికి మంచు మీద ఒక చలికాలం అనుభవం తక్కువ, కాళ్లలో బలం తక్కువ, కోచ్ చెప్పే మాట పట్టుకునే ఓపిక కూడా తక్కువ. పెద్దవాడు ఏరిన జట్టులోకి వెళతాడు. అక్కడ మంచి కోచ్, ఎక్కువ ఆటలు, ఎక్కువ సాధన. రెండేళ్ల తరువాత అతను నిజంగానే మెరుగైన ఆటగాడు అవుతాడు. మొదట వయసు తేడాగా ఉన్నది ఇప్పుడు నైపుణ్యం తేడా అయింది. సెలెక్టరు తాను తప్పు చేశానని ఎప్పటికీ అనుకోడు, ఎందుకంటే అతని కళ్లముందున్న ఆధారమంతా అతను చేసినదే సరైనదని చెబుతుంది. వెనకబడిన పిల్లవాడు ఈలోగా ఆట మానేసి ఉంటాడు. మానేసినవాడు ఎంతటివాడయ్యేవాడో చూపే పట్టిక ఏదీ ఉండదు.

ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆ ఒక్క ఏడాది మూడున్నర శాతమే. కాని మధ్యలో యుక్తవయసు ఉంది. మగపిల్లలు సగటున పద్నాలుగో ఏట, ఆడపిల్లలు పన్నెండో ఏట అతి వేగంగా ఎత్తు పెరుగుతారు. సగటు అన్నాను, గమనించండి. ఒకే వారంలో పుట్టిన ఇద్దరు పదమూడేళ్ల బాలుల్లో ఒకడు గొంతు మారి, నూనూగు మీసంతో నిలబడవచ్చు. రెండోవాడు ఇంకా చిన్నపిల్లాడిలా ఉండవచ్చు. వారి శరీరాల వయసులో నాలుగైదేళ్ల తేడా ఉన్నా వింత కాదు. అందుచేత పుట్టిన తేదీ, శరీర వయసు రెండు వేర్వేరు కొలతలు. డిసెంబరులో పుట్టి త్వరగా ఎదిగినవాడు గట్టెక్కవచ్చు. డిసెంబరులో పుట్టి ఆలస్యంగా ఎదిగేవాడికి మాత్రం రెండు దెబ్బలు.

బాడీ చెక్ దగ్గరికి వద్దాం. 50 కిలోల బాలుడు సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తున్నాడు. అతని గతిశక్తి 900 జౌళ్లు. త్వరగా ఎదిగిన 70 కిలోల బాలుడు సెకనుకు 7 మీటర్ల వేగంతో వస్తే 1,715 జౌళ్లు, అంటే దాదాపు రెట్టింపు. ఇద్దరూ ఒకే వయసు తరగతి, ఒకే రింక్. 11, 12 ఏళ్ల పిల్లలకు బాడీ చెక్‌ను అనుమతించిన ఆల్బర్టా రాష్ట్రాన్నీ, అనుమతించని క్విబెక్‌నూ పోల్చిన అధ్యయనం ఒకటి 2010లో వెలువడింది. అనుమతి ఉన్నచోట గాయాల ప్రమాదం మూడింతలకు పైగా ఉంది. 2013లో హాకీ కెనడా ఆ వయసు తరగతిలో బాడీ చెక్‌ను దేశమంతటా తీసివేసింది. చాలామంది పాతకాలపు కోచ్‌లు దీన్ని మెత్తదనమన్నారు. నా దృష్టిలో ఎంపికకు కూడా అది మేలే చేసింది. ఢీకొట్టడం లేనప్పుడు సెలెక్టరు కంటికి బరువు కాక చేతి పనితనం, ఆట చదివే తెలివి కనిపిస్తాయి.

ఇక జాతీయ జట్ల సంగతి. 20 ఏళ్ల లోపు వారి ప్రపంచ పోటీలు 1977 నుంచి, 18 ఏళ్ల లోపు బాలుర పోటీలు 1999 నుంచి, అదే వయసు బాలికల పోటీలు 2008 నుంచి అధికారికంగా జరుగుతున్నాయి. వీటికి జట్టును ఏరే సెలెక్టరు ముందు నిజానికి రెండు ప్రశ్నలుంటాయి. ఈ డిసెంబరులో ఎవరు గెలిపిస్తారు? ఐదేళ్ల తరువాత ఎవరు గొప్పగా ఆడతారు? మొదటి ప్రశ్నకు జవాబు తరచు శరీరం ఎదిగినవాడు. రెండో ప్రశ్నకు జవాబు అతడే కానక్కర్లేదు. చిక్కంతా సెలెక్టర్లు మొదటి ప్రశ్నకు జవాబు రాసి, దాన్ని రెండో ప్రశ్న కింద కూడా అంటించడంలో ఉంది.

దీనికి ఆధారం అడగడం న్యాయమే. ఉత్తర అమెరికా వృత్తి లీగు అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో క్లబ్బులు ఏటా యువకులను వరుస సంఖ్యల ప్రకారం ఎన్నుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. 1980 నుంచి 2006 వరకు డ్రాఫ్ట్ అయిన కెనడా ఆటగాళ్లను డీనర్, మరి ఇద్దరు పరిశోధకులు కలిసి 2013లో విశ్లేషించారు. ఏడాది రెండో సగంలో పుట్టినవారిని వారు తరువాత చూపిన ఆటకు తగిన స్థానం కన్నా 40 స్థానాలకు పైగా వెనక ఎన్నుకున్నారు. జనవరి నుంచి మార్చి మధ్య పుట్టినవారితో పోలిస్తే వీరు 400 ఆటలు ఆడటం వంటి మైలురాళ్లను చేరే అవకాశం దాదాపు రెట్టింపు ఉంది. గమనించండి, వీరు జల్లెడలో మిగిలినవారు. పెద్దవాళ్లతో తలపడి నిలబడ్డవాళ్లు. జారిపోయినవారి లెక్క ఇందులో లేదు.

గీత ఎంత యాదృచ్ఛికమో ఇద్దరు ఆటగాళ్లను చూస్తే తెలుస్తుంది. కానర్ మెక్‌డేవిడ్ 1997 జనవరి 13న, ఆస్టన్ మాథ్యూస్ అదే సంవత్సరం సెప్టెంబరు 17న పుట్టారు. ప్రపంచ పోటీల గీత ప్రకారం ఇద్దరిదీ ఒకే తరగతి. మాథ్యూస్ అందులో చిన్నవాడు. కాని డ్రాఫ్ట్ గీత సెప్టెంబరు 15. రెండు రోజుల తేడాతో మాథ్యూస్ మరుసటి ఏడాదికి జరిగిపోయి అక్కడ పెద్దవాడయ్యాడు. ఆ ఏడాది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ క్లబ్బులో పెద్దల మధ్య ఆడాడు. 2015 డ్రాఫ్ట్‌లో మెక్‌డేవిడ్ మొదటివాడు, 2016లో మాథ్యూస్ మొదటివాడు. ఒకే మనిషి ఒక కాగితం మీద చిన్నవాడు, మరో కాగితం మీద పెద్దవాడు.

మరి చిన్నవాణ్ణి పెద్దల జట్టులోకి ముందే పిలవవచ్చునా? 20 ఏళ్ల లోపు జట్టుకు కెనడా పదహారేళ్ల వాళ్లను ఎన్నుకున్న సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వేన్ గ్రెట్జ్‌కీ 1978 పోటీల్లో పదహారేళ్లకే 17 పాయింట్లతో అందరికన్నా ముందు నిలిచాడు. అందరూ గ్రెట్జ్‌కీలు కారు. మెక్‌డేవిడ్‌నే చూడండి. 2014లో పదహారేళ్లప్పుడు ఏడు ఆటల్లో 4 పాయింట్లు. మరుసటి ఏడాది అన్నే ఆటల్లో 11 పాయింట్లు, జట్టుకు స్వర్ణం. మొదటి ఏడాది పిలవడం వ్యర్థమనలేం. అయితే అది ఆ ఏటి గెలుపు కోసం కాదు, అతని చదువు కోసం. బెంచీ మీద కూర్చోబెట్టి ఆటకు ఐదు నిమిషాలు ఇచ్చేటట్లయితే ఆ చదువు కూడా సాగదు. అప్పుడు తన వయసు వాళ్లలో ఇరవై నిమిషాలు ఆడించడమే మేలు.

దిద్దుబాటు మార్గాల్లో నాకు బాగా నచ్చినది చాలా చౌకైనది. 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఫుట్‌బాల్ స్కౌట్లకు బాలల ఆటలు చూపించి ప్రతిభను అంచనా కట్టమన్నారు. ఏ వివరమూ ఇవ్వని స్కౌట్లు పెద్దవాళ్ల వైపే మొగ్గారు. పుట్టిన తేదీల జాబితా ఇచ్చినా మొగ్గు పోలేదు. వయసు వరుసలో చొక్కా నంబర్లు వేసి, ఆ సంగతి చెప్పినప్పుడు మాత్రం పోయింది. సమాచారం జేబులో ఉంటే చాలదు, చూస్తున్న క్షణంలో కంటి ముందుండాలి. హాకీ శిబిరాల్లోనూ దీన్ని చేయడానికి అయ్యే ఖర్చు నంబర్లు మార్చి కుట్టించడమే.

రెండో మార్గం కొలత. కెనడాలోని సస్కాచవాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2002లో ఒక సూత్రం ప్రకటించారు. ఎత్తు, కూర్చున్నప్పటి ఎత్తు, బరువు, వయసు తీసుకుని, పిల్లవాడు అతివేగంగా పెరిగే దశకు ఎంత దూరంలో ఉన్నాడో ఇది అంచనా వేస్తుంది. ఒక బల్ల, టేపు, త్రాసు ఉంటే చాలు. అంచనా తప్పే అవకాశం కొంత ఉంది కనుక దీంతో పిల్లలను తీసివేయకూడదు. పొట్టిగా ఉన్నవాణ్ణి తొందరపడి పంపేయకుండా ఆగడానికి పనికివస్తుంది.

మూడోది తలుపు వెడల్పు. 17 ఏళ్ల లోపు అంతర్జాతీయ పోటీకి కెనడా ఐదు ప్రాంతీయ జట్లను పంపేది. 2014లో వాటిని మూడు జాతీయ జట్లుగా మార్చారు. నాణ్యత పెరిగి ఉండవచ్చు. కాని పదహారేళ్ల వయసులో సుమారు నలభై చోట్లు తగ్గాయి. ఆ చోట్లలో కొన్ని ఆలస్యంగా ఎదిగేవాళ్లవి.

గోల్‌కీపర్ల విషయంలో మరో ఇబ్బంది ఉంది, అది వయసుది కాదు, అంకెలది. వందకు 91 షాట్లు ఆపగల బాలుడు ఒక ఆటలో 30 షాట్లు ఎదుర్కొంటే సగటున 27 ఆపుతాడు. కేవలం అదృష్టం వల్లనే ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి. శిబిరంలో ఒకడు 29 ఆపాడు, మరొకడు 26 ఆపాడు అంటే మొదటివాడు మెరుగని తేల్చడానికి ఆ ఒక్క ఆట చాలదు. అయినా ఇళ్లకు వెళ్లే బస్సులు ఆ ఒక్క సాయంత్రం లెక్కతోనే నిండుతుంటాయి.

మన దేశంలో ఈ ఆట ముఖ్యంగా లడఖ్‌ది. భారత ఐస్ హాకీ సంఘం 1989లోనే అంతర్జాతీయ సమాఖ్యలో చేరింది. అయితే సహజంగా గడ్డకట్టే మంచు ఉండేది చలికాలపు కొద్ది వారాలే కనుక పిల్లల గుంపు చిన్నది. గుంపు చిన్నదైనచోట ఈ మొగ్గు కూడా సాధారణంగా తక్కువే. లక్షలమంది పిల్లలు కొద్ది చోట్లకు పోటీపడే క్రికెట్‌లో అలా కాదు. అక్కడ మనకు వయసు దొంగతనం కూడా ఉంది కాబట్టి క్రికెట్ బోర్డు 16 ఏళ్ల లోపు బాలురకు మణికట్టు ఎక్స్‌రే తీసి టానర్-వైట్‌హౌస్ పద్ధతిలో ఎముకల వయసు కడుతుంది. దొంగను పట్టడానికి అది అవసరమే. కాని ఆ ఎక్స్‌రే కొలిచేది శరీర వయసు, పుట్టిన తేదీ కాదు. నిజాయితీగా పుట్టిన తేదీ ఇచ్చి, త్వరగా ఎదిగిన పిల్లవాడు కూడా దాంట్లో చిక్కుకోవచ్చు.

మీకు వీలైతే ఒక పని చేయండి. మీ జిల్లాలోనో రాష్ట్రంలోనో ఏ ఆటకైనా బాలల జట్ల జాబితాలు పుట్టిన తేదీలతో సంపాదించండి. ఆ ఆటకు వయసు గీత ఏ తేదీయో ముందు తెలుసుకోండి, అది జనవరి 1 కానక్కర్లేదు. అక్కడినుంచి మూడేసి నెలలు విడదీసి ఒక్కో భాగంలో ఎందరున్నారో లెక్కపెట్టండి. పదిహేనుమంది ఉన్న ఒక్క జాబితాతో ఏమీ తేలదు. పదేళ్ల జాబితాలు, కనీసం నూటయాభై పేర్లు ఉంటే మాట్లాడటానికి ఏదైనా ఉంటుంది.