పక్క గదిలో తల్లి: బాలల మానసిక చికిత్స చరిత్రలో ఒక అధ్యాయం



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటయిందో ఆ ఆచార్యుల వారి వ్యాసాలు చదివినవారికి ఒక సంగతి తెలుసు. పిల్లవాడి బాధ గురించి రాసిన ప్రతిచోటా, ఆ పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన మనిషి గురించి కూడా వారు రాశారు. నేనూ ఆ మనిషి గురించే మాట్లాడతాను. బాలల మానసిక చికిత్సలో సుమారు అర్ధ శతాబ్దం పాటు తల్లిని దోషిగా నిలబెట్టారు. దానికి మనోవిశ్లేషణ సిద్ధాంతమే మూలమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నేను ఒప్పుకోను. సిద్ధాంతం కంటే ముందే, క్లినిక్‌లో పని పంచుకున్న పద్ధతి ఆ తీర్పుకు దారి వేసింది. క్లినిక్ దాకా ఎవరు రాగలిగారో, జబ్బుకు కారణంగా వాళ్లే కనబడ్డారు. ఈ ఒక్క మాటనే సాక్ష్యాలతో నిలబెట్టే ప్రయత్నం చేస్తాను. పందొమ్మిదో శతాబ్దపు పిచ్చాసుపత్రుల గురించి, 1896లో పెన్సిల్వేనియాలో విట్మర్ తెరిచిన సైకాలజీ క్లినిక్ గురించి ఈ సభకు నేను కొత్తగా చెప్పవలసింది లేదు.

నేను ఎక్కువగా పరిశోధించిన కాలం 1909తో మొదలవుతుంది. షికాగోలో 1899లోనే బాలనేరస్థుల కోసం ప్రత్యేక కోర్టు వచ్చింది. అయినా అదే పిల్లలు మళ్లీమళ్లీ జడ్జి ముందుకు వస్తున్నారు. ఎందుకు వస్తున్నారన్న ప్రశ్న హల్ హౌస్ అనే సేవాకేంద్రపు మహిళలను, అంటే జేన్ ఆడమ్స్, జూలియా లాత్రోప్ వంటి వారిని, నిద్రపోనివ్వలేదు. 1909లో ఎథెల్ డమ్మర్ అనే దాత డబ్బు ఇచ్చారు; విలియం హీలీ అనే వైద్యుడు పరిశోధన బాధ్యత తీసుకున్నాడు. పిల్లల్ని ఉంచే నిర్బంధ గృహంలోనే ఆయన పనిచేశాడు. ఒంటి పరీక్ష, బుద్ధి పరీక్షలు, కుటుంబ చరిత్ర అన్నీ చూసేవాడు. వీటన్నిటికంటే విలువైన పని ఇంకొకటి చేశాడు: పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, వాడి కథ వాడి నోటనే చెప్పించుకున్నాడు. నేరం రక్తంలోనే ఉంటుందని లాంబ్రోసో అనుచరులు వాదిస్తున్న రోజులవి. 1915లో వచ్చిన ‘ది ఇండివిడ్యువల్ డెలిన్‌క్వెంట్’ ఆ వాదానికి గట్టి సమాధానం. మళ్లీమళ్లీ నేరం చేసిన వెయ్యి మంది పిల్లల్ని ఆధారం చేసుకుని, ఏ ఒక్క కారణమూ అందరికీ సరిపోదని హీలీ చూపించాడు. ఒకడికి కంటిచూపు లోపం, ఇంకొకడికి చెడు సావాసం, వేరొకడికి ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని రహస్యం. సొంత సిద్ధాంతం లేనివాడని ఆయన్ని తక్కువ చేసినవారున్నారు. నా దృష్టిలో అదే ఆయన గొప్పతనం. ఆయన పద్ధతిలో తల్లిదండ్రులు సాక్షులు. కోర్టుకు తల్లినీ తండ్రినీ కూడా పిలిపించే అధికారం ఉంది. ఈ చిన్న వివరం గుర్తుంచుకోమని సభవారిని కోరుతున్నాను.

హీలీ 1917లో ఆగస్టా బ్రానర్‌తో కలిసి బోస్టన్ వెళ్లి జడ్జ్ బేకర్ ఫౌండేషన్‌లో పని మొదలుపెట్టాడు. అసలు మలుపు 1922లో వచ్చింది. న్యూయార్క్‌లోని కామన్‌వెల్త్ ఫండ్ నేర నివారణ కార్యక్రమం ప్రకటించి, వేర్వేరు నగరాల్లో ‘చైల్డ్ గైడెన్స్’ పేరుతో నమూనా క్లినిక్‌లు నడిపింది. మొదటి క్లినిక్ సెయింట్ లూయిస్‌లో, కోర్టుకు అనుబంధంగా పెట్టారు. కోర్టు దాకా వచ్చిన పిల్లవాడి విషయంలో అప్పటికే ఆలస్యమయిందని నిర్వాహకులకు త్వరలోనే అనిపించింది. కనుక తర్వాతి క్లినిక్‌లు కోర్టు నుంచి బడి వైపు, ఇంటి వైపు జరిగాయి. దొంగతనం చేసిన పిల్లల స్థానంలో పక్క తడిపేవాళ్లు, మొండికేసేవాళ్లు, బడికి పోనని ఏడ్చేవాళ్లు రాసాగారు. ఉద్దేశం మంచిదే. అయితే కోర్టు తప్పుకోగానే పిలిపించే అధికారం కూడా పోయింది. ఇష్టపడి వచ్చేవారే వస్తారు. పగటివేళ తెరిచి ఉండే క్లినిక్‌కు ఫ్యాక్టరీలో, ఆఫీసులో పనిచేసే తండ్రి రాలేడు. తల్లి వచ్చింది.

వచ్చిన తల్లిని ఏం చేశారు? ఆ రోజుల్లో స్థిరపడిన బృందంలో ముగ్గురు: సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్. సైకాలజిస్టు పరీక్షలు పెట్టేవాడు. సైకియాట్రిస్టు పిల్లవాణ్ణి ఒక గదిలో చూసేవాడు. సోషల్ వర్కర్ తల్లిని పక్క గదిలో కూర్చోబెట్టి వివరాలు అడిగేది. తర్వాత ముగ్గురూ కలిసి కేసు మాట్లాడుకునేవారు. తల్లి ఆ సమావేశంలో ఉండదు. ఈ ఏర్పాటులో ఎవరి దుర్బుద్ధీ లేదు. కానీ దాని ఫలితం చూడండి. పిల్లవాడి రోగలక్షణాలు ఒక ఫైలులో పెరుగుతాయి, తల్లి జీవితం ఇంకో ఫైలులో పెరుగుతుంది: ఆమె పెళ్లి, ఆమె అసంతృప్తి, ఆమె కోపం. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదివేవారికి ఒకటి కార్యం, రెండోది కారణం అనిపించడంలో ఆశ్చర్యం లేదు. తండ్రికి ఫైలు లేదు కనుక ఆయన కారణం కాలేకపోయాడు. కామన్‌వెల్త్ ఫండ్ డబ్బుతోనే 1927 నుంచి 1933 వరకు న్యూయార్క్‌లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ చైల్డ్ గైడెన్స్ నడిచింది. డేవిడ్ లెవీ అక్కడి రెండు వేలకు పైగా కేసు రికార్డుల్లోంచి 20 ఏరి, 1943లో ‘మెటర్నల్ ఓవర్‌ప్రొటెక్షన్’ అనే పుస్తకం వేశాడు. తల్లి అతి ప్రేమ వల్ల పిల్లలు ఎలా చెడతారో చెప్పే గ్రంథమది. జాగ్రత్తగా పనిచేసిన పరిశోధకుడే. కానీ తల్లులతో మాట్లాడి రాసిన రికార్డుల గుట్టలో వెదికితే తల్లులే దొరుకుతారు.

ఇక్కడ ఇద్దరు ముగ్గురు పండితులతో నాకున్న పేచీని ప్రస్తావించకుండా ముందుకు వెళ్లలేను. మొదటిది ఫ్రాన్స్‌లో జాక్ దొంజెలో, ఇంగ్లండ్‌లో నికొలస్ రోజ్ నిలబెట్టిన వాదం. చైల్డ్ గైడెన్స్ అంటే రాజ్యవ్యవస్థ ప్రేమపూర్వకంగా ఇంట్లోకి చొరబడటమని, కుటుంబాన్ని అదుపులో పెట్టే కొత్త యంత్రాంగమని వారి సారాంశం. చదవడానికి పదునుగా ఉంటుంది. కానీ ఆ కథలో తల్లికి నోరు లేదు. జడ్జ్ బేకర్ రికార్డులు చదివి కాథ్లీన్ జోన్స్ 1999లో రాసిన పుస్తకం తల్లిదండ్రులు, చివరికి పిల్లలు కూడా, తమ అవసరాలతో క్లినిక్‌ను ఎలా వాడుకున్నారో చూపించింది. సలహా అడిగినవారు, నచ్చకపోతే వినిపించుకోనివారు, తమ లెక్కలు తమకున్నవారు వాళ్లు. కళ్లెం పట్టుకున్న చెయ్యి ఒక్కటే కాదు. అధికారం లేదని నేను అనడం లేదు, ఉంది. కోర్టుకున్న అధికారం వంటిది మాత్రం కాదు. నిద్రలేని తల్లికి ఇంకెక్కడా జవాబు దొరకకపోవడం వల్ల క్లినిక్‌కు చిక్కిన అధికారమది. ఈ తేడాను చెరిపేసే సిద్ధాంతం ఆమెను రెండోసారి మూగదాన్ని చేస్తుంది.

రెండో పేచీ లియో కానర్ విషయంలో. తల్లులపై నింద అంతా ఆయనతో మొదలైనట్టు ఇటీవలి పుస్తకాలు, అందులో స్టీవ్ సిల్బర్‌మన్ 2015లో రాసిన ప్రసిద్ధ గ్రంథం, మనకు ఒక అభిప్రాయం మిగిల్చాయి. కానర్ ఆటిజం గురించి 1943లో రాసిన మొదటి వ్యాసం ముగింపు తీసి చూడండి: ఈ లోపం పుట్టుకతోనే వచ్చిందని అక్కడ ఉంది. అంతకు రెండేళ్ల ముందు ఆయన ‘ఇన్ డిఫెన్స్ ఆఫ్ మదర్స్’ అని తల్లుల పక్షాన ఒక పుస్తకమే రాశాడు. తర్వాత 1949 నాటికి తల్లిదండ్రుల భావశూన్యతపై బరువు పెట్టాడు. అది తప్పే, పెద్ద తప్పు. 1969లో తల్లిదండ్రుల సభలోనే వారిని నిర్దోషులని ప్రకటించాడు. ఇరవయ్యేళ్లుగా క్లినిక్‌లన్నీ ఒకే దిక్కుకు నడుస్తుంటే ఆయనా ఆ దారిలో కొంత దూరం కొట్టుకుపోయాడని నా అభిప్రాయం. బ్రూనో బెటెల్‌హైమ్ సంగతి వేరు. 1967లో తల్లులనే నిందిస్తూ ‘ది ఎంప్టీ ఫోర్‌ట్రెస్’ రాసి ఎన్నో కుటుంబాలకు ఆయన కలిగించిన క్షోభకు సమర్థన లేదు.

ఇంత చెప్పినా, మనోవిశ్లేషణ 1920లలోనే క్లినిక్‌ల్లో ఉంది కదా అని మీలో కొందరు అడుగుతారు. ఉంది. హీలీ కూడా తర్వాత దానివైపు మొగ్గాడు. కానీ మనోవిశ్లేషణను నిలువునా తిరస్కరించిన జాన్ వాట్సన్ 1928లో రాసిన శిశుపాలన పుస్తకం ఏమంటుంది? తల్లి ముద్దులూ కౌగిలింతలూ బిడ్డను పాడు చేస్తాయని. ఒకదానితో ఒకటి పొసగని రెండు సిద్ధాంతాలు ఒకే ముద్దాయిని పట్టుకున్నాయంటే, ఆ ముద్దాయిని వాటి ముందు నిలబెట్టినది వేరే ఏదో ఉండాలి. బ్రిటన్ ఇంకో సాక్ష్యం. అదే కామన్‌వెల్త్ ఫండ్ సాయంతో 1929లో ఇస్లింగ్టన్‌లో తెరిచిన క్లినిక్ అమెరికన్ బృందాన్ని, గదుల ఏర్పాటుతో సహా, దిగుమతి చేసుకుంది. అక్కడి సైకాలజీ సంప్రదాయం వేరు, ఫలితం మాత్రం అదే.

ఆ రెండు గదుల మధ్య గోడ ఎప్పుడు కూలిందో త్వరత్వరగా చెబుతాను. తల్లీబిడ్డల ఎడబాటు గురించి రాసి పేరు పొందిన జాన్ బోల్బీయే 1949లో ఒక చిన్న వ్యాసంలో, విడివిడిగా చూస్తూ ముందుకు సాగని కేసుల్లో ఇంటిల్లిపాదినీ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడటం గురించి రాశాడు. ఆ తర్వాత మానసిక వైద్యుడు ఆకర్‌మన్ అదే దారిలో కుటుంబ చికిత్సకు పూనుకున్నాడు. 1965లో ఫిలడెల్ఫియా క్లినిక్ బాధ్యత తీసుకున్న మినూచిన్, డిగ్రీలు లేని పేటవాసులకే కుటుంబ చికిత్సలో శిక్షణ ఇప్పించాడు. ఆ ప్రయోగానికి ఒక ప్రత్యేక ఉపన్యాసం కావాలి. ఆరెగన్‌లో జెరాల్డ్ పాటర్సన్ ఇళ్లకే వెళ్లి గమనించి, తల్లిదండ్రులకు మెళకువలు నేర్పడమే చికిత్సగా మలిచాడు. బెర్నార్డ్ రిమ్‌లాండ్, లోర్నా వింగ్ తామే ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు. శాస్త్రాన్ని లోపలి నుంచి సరిదిద్దారు. 1937లో బ్రాడ్లీ పిల్లలకు బెంజిడ్రిన్ ఇచ్చిన నాటి నుంచి మొదలయ్యే మందుల చరిత్రను వదిలేస్తున్నాను. అది చెప్పడానికి నాకంటే అర్హులు ఈ సభలో ఉన్నారు.

మన దేశానికి వస్తే, బొంబాయిలో టాటా సామాజిక సేవా విద్యాలయం 1937లోనే చైల్డ్ గైడెన్స్ క్లినిక్ పెట్టింది; అమెరికా నమూనాయే. కానీ అమృతసర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ 1950లలో ఆవరణలో డేరాలు వేయించి రోగుల కుటుంబాలను అక్కడే ఉంచారు. వెల్లూరు, బెంగళూరు ఆసుపత్రులు ఆ దారిలో నడిచాయి. భారతీయ కుటుంబ ఔన్నత్యం గురించి గొప్పలు చెప్పుకోవడానికి దీన్ని వాడుకోకూడదు. అక్కడి రోగులు ఎక్కువగా పెద్దవాళ్లు. నర్సుల కొరత కూడా ఒక కారణం. అయినా కుటుంబం గది లోపలే ఉందన్నది నిజం. సికింద్రాబాదులో 1984లో వచ్చిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ తల్లిదండ్రుల శిక్షణను తన పనిలో భాగం చేసుకుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మైనర్‌ను ఆసుపత్రిలో చేర్చితే తల్లో తండ్రో, లేదా వారు నియమించిన సహాయకులో, ఉన్నన్నాళ్లూ తోడుండాలని శాసించింది.

సమయం మించిందని అధ్యక్షుల వారు సైగ చేస్తున్నారు. ఈనాటి సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నాయని తేల్చింది. 2022 నుంచి మానసిక సహాయానికి టెలి మానస్ ఫోన్ నంబరు 14416 పనిచేస్తోంది. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ పిల్లలు హాస్టల్లో, కన్నవాళ్లు ఊళ్లో ఉంటున్నారు. కౌన్సెలర్ ముందుకు ఇప్పుడు తల్లి కూడా రావడం లేదు, వార్డెన్ వస్తున్నాడు. అందుకే ఈ వేదిక మీదున్న వైద్యులను ఒక్కటి అడుగుతున్నాను. మీ కేసు షీటులో, ఎవరు వచ్చారన్న గడి పక్కన ఎవరు రాలేదో, ఎందుకు రాలేకపోయారో రాసే గడి కూడా పెట్టండి. ఆ గడి నింపాకే కారణాల గడి నింపండి.