పిండి జల్లెడ: ఏది కొనాలి, ఎట్లా వాడాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చిరుధాన్యాల బిస్కెట్లు తయారుచేసే సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ గురించి పొద్దుటినుంచి వింటానే ఉన్నారు. మాకిచ్చిన కాసేపట్లో మేము జల్లెడ గురించి మాట్లాడతాం. జల్లెడ తెలియని ఆడమనిషి ఉంటాదా అని వెనక వరసలో ఎవరో అననే అన్నారు. నిజమే. అరిసెల పిండికి, నిప్పట్ల పిండికి, ఓళిగల మైదాకు మనమంతా జల్లెడ పట్టినవాళ్లమే. అయితే ఇంట్లో వండుకునేదానికీ, ప్యాకెట్ కట్టి మనం ఎన్నడూ చూడని మనిషికి అమ్మేదానికీ తేడా ఉంది. రాగి బిస్కెట్‌లో పంటికింద ఇసుక తగిలితే ఇంట్లోవాళ్లు ఒక మాట అని ఊరుకుంటారు. బయటి మనిషి మళ్లీ కొనడు.

మన మెట్టప్రాంతంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. శెనక్కాయ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో మీకు మేము చెప్పనక్కర్లేదు. మడకశిర, హిందూపురం వైపు రాగులు ఎప్పుడూ ఉన్నవే. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థలు ఎన్నో ఏళ్లుగా రైతులతో కొర్రలు, సామలు మళ్లీ వేయించే పని చేస్తున్నాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినాక పట్నాల్లో కూడా ఈ బిస్కెట్లను అడిగేవాళ్లు కనబడుతున్నారు. కాబట్టి ఈ పని ఇంకా చాలామంది మొదలుపెడతారు. అందుకే ఇంత వివరంగా చెప్తున్నాం.

జల్లెడ పని మిషన్ దగ్గరకు పోకముందే మొదలవుతుంది. ఊర్లల్లో కళ్లాలు తగ్గిపోయినాయి. కొర్ర కంకులు, రాగి కంకులు తార్రోడ్డు మీద పరిచి, బండ్లు తొక్కితే గింజ రాల్చుకుంటున్నాం. గింజతో పాటు ఇసుక, కంకరపొడి వస్తాయి. రాగిగింజంత ఇసుకరేణువు మిషన్లో పడితే గింజతోపాటే నలిగిపోతుంది. ఆ తర్వాత ఎంత సన్నని జల్లెడ పట్టినా పిండితో కలిసి కిందికే పోతుంది. అందుకని ముందు గింజల జల్లెడ రెండు రకాలు కావాలి. గింజ పైన నిలిచి సన్న ఇసుక కిందికి రాలేది ఒకటి, గింజ కిందికి రాలి పెద్ద రాళ్లు, పుల్లలు పైన నిలిచేది ఇంకొకటి. గింజంతే ఉన్న రాయి ఈ రెండింటికీ దొరకదు. దానికి చేటతో చెరగాల, లేదంటే నీళ్లలో గాలించాల. గాలించిన గింజ బాగా ఎండితేనే మిషనుకు పంపండి.

ఆడించిన పిండి వేడిగా ఉంటాది. వేడిమీద మూట కడితే చెమ్మ పట్టి ఉండలు కడుతుంది, జల్లెడ కన్నాలు మూసుకుంటాయి. శుభ్రమైన బట్టమీద పలచగా ఆరబోసి చల్లారినాక పట్టండి. ఆరబోసేది గాలి కొట్టని గదిలో. ఆషాఢం గాలుల్లో బయట ఆరబోస్తే, తీసేసిన దుమ్మును మళ్లీ కలుపుకున్నట్టే. ఇంకొకటి: మీకంటే ముందు ఆ మిషన్లో ఏం ఆడించారో అడగండి. మిరపకాయలైతే, మీ బిస్కెట్ తిన్న పిల్లోడే చెప్తాడు.

ఇక కొనడం. అంగళ్లలో పిడి నొక్కితే లోపల తీగ తిరిగే కప్పు జల్లెడ చూపిస్తారు. చూడ్డానికి ముద్దుగా ఉంటాది. ఇంట్లో పుట్టినరోజుకు ఒక మైదా కేకు చేసుకునేదానికి సరిపోతుంది. మన పనికి మాత్రం వద్దనే చెప్తాం. రెండు మూడు కప్పులకంటే పిండి పట్టదు, చేయి నొప్పి పుడుతుంది. కడిగితే నీళ్లు స్ప్రింగులో, సందుల్లో నిలిచి తుప్పు పడుతుంది. ఆ సందుల్లో ఇరుక్కున్న పిండిలోనే పురుగు చేరుతుంది. ప్లాస్టిక్ చట్రం జల్లెడలో వల త్వరగా వదులవుతుంది, చట్రం పెచ్చులూడితే ముక్కలు పిండిలో పడతాయి. పది పన్నెండు అంగుళాల గుండ్రని స్టీలు జల్లెడ మేలు. మీ బేసిన్ మూతికి సరిపోయే కొలత చూసుకోండి. కొనేముందు వెలుతురుకు ఎత్తిపట్టి కన్నాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయా చూడండి. బొటనవేలితో వల నొక్కితే కుంగకూడదు. వల, చట్రం కలిసే చోట వేలు తిప్పండి. గీసుకుంటే, సందు కనిపిస్తే వదిలేయండి.

కన్నం సైజును మెష్ నంబరుతో చెప్తారు. అంగుళం పొడవులో 40 కన్నాలుంటే 40 మెష్. నంబరు పెరిగేకొద్దీ కన్నం సన్నమవుతుంది. మైదాకు 60 బాగుంటాది. రాగి, కొర్ర పిండికి మేము 40 దగ్గర ఆగుతాం. జొన్నపిండికి ఇంకా కొంచెం ముతకదైనా పర్వాలేదు.

ఇక్కడ కొంచెం నిలబడి ఆలోచించాల. కొనేవాళ్లు "బిస్కెట్ ఇంకాస్త తెల్లగా, మెత్తగా ఉంటే బాగుంటాది" అంటారు. సన్న జల్లెడ పడితే నిజంగానే మెత్తగా వస్తుంది. కానీ పైన నిలిచి మనం బర్రెకు వేసేది ఏమిటి? గింజ పైపొర. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాలిష్ బియ్యంలో పది కూడా లేదు. రాగిలో ఆ కాల్షియం, పీచు చాలా భాగం పైపొరలోనే ఉంటాయి. రాగి అని రాసి, బలమని చెప్పి, ఆ బలాన్నే జల్లెడలో తీసేసి అమ్మడం మాకు న్యాయంగా తోచలేదు. పైన నిలిచిన ముతకను పారేయకుండా ఇంకోసారి ఆడించి కలుపుతాం. అప్పటికీ నలగనిది సంగటికి, గంజికి పోతుంది. మెత్తదనం కావాలంటే పిండిని రెండుసార్లు ఆడించండి, జల్లెడ మాత్రం మార్చొద్దు.

మరి పొట్టు తీయనప్పుడు జల్లెడ ఎందుకంటారా? పురుగు, దారం, మిషన్ ఇనుపముక్క పట్టుకోడానికి. ఇనుము కోసం పిండిమీద ఒక అయస్కాంతం తిప్పితే ఇంకా మంచిది. రెండోది, అణిగిన పిండిలోకి గాలి పోడానికి. జానెడు ఎత్తునుంచి, జల్లెడ అంచును అరచేత్తో తడుతూ రాల్చండి. చేయిపెట్టి రుద్దితే పురుగు నలిగి కిందికే పోతుంది, వల కూడా సాగుతుంది. మూడోది బేకింగ్‌కే ప్రత్యేకం. సోడా, బేకింగ్ పౌడర్ పిండిలో సమంగా కలవాలంటే అన్నీ కలిపి రెండుసార్లు జల్లించాల్సిందే. లేకుంటే సోడా ఉండ ఉన్నచోట పచ్చని మచ్చ, చేదు. రాగి, కొర్రల్లో గోధుమలాంటి సాగే జిగురు లేదు కాబట్టి బిస్కెట్ పొడిపొడి అవుతుంది. అందుకే చాలామంది గోధుమపిండి కలుపుతారు. ఆ రెండు పిండ్లూ కలిసేది కూడా జల్లెడలోనే.

కప్పుతో కొలిచేవాళ్లు జాగ్రత్త. జల్లించిన పిండి పొంగి ఉంటాది కాబట్టి అదే కప్పులో బరువు తగ్గుతుంది. ఒకరు జల్లించి కొలిచి, ఇంకొకరు కొలిచి జల్లిస్తే ఒకే గుంపులో రెండు రకాల బిస్కెట్లు వస్తాయి. తూకం వేసుకుంటే ఈ గొడవే లేదు.

జల్లెడ ఒక్కటే పెట్టుకుని అన్నిటికీ వాడొద్దు. కారం, మసాలాలకు వేరే. శెనక్కాయ పొడికి తప్పనిసరిగా వేరే. మనకు శెనక్కాయ అన్నంతో సమానం. అది పడని వాళ్లకు కొంచెం తగిలినా ఊపిరాడకుండా పోవచ్చు. అట్లాగే గోధుమ పడని వాళ్లున్నారు. గోధుమపిండి పట్టిన జల్లెడలోనే రాగి పట్టి, ప్యాకెట్ మీద "గోధుమ లేదు" అని రాస్తే అది అబద్ధమవుతుంది. రెండూ వాడే చోట ఆ సంగతి లేబుల్ మీద రాయాల్సిందే. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 14 అంకెల నంబరు వేసుకుంటే సరిపోదు, గోధుమ, శెనక్కాయ లాంటివి ఉంటే చెప్పాలని వాళ్ల నిబంధనల్లోనే ఉంది.

పని అయినాక పొడి బ్రష్‌తో దులిపి, వేడినీళ్లతో కడిగి, ఎండలో పెట్టండి. మన ఎండకు అరగంట చాలు. తడి ఉండగా వాడితే పిండి వలకు అతుక్కుని మూసుకుపోతుంది. వారానికొకసారి వలను వెలుతురుకు పెట్టి చూడండి. ఒక్క తీగ తెగినా ఆ జల్లెడ పిండికి పనికిరాదు. తెగిన ముక్క ఎక్కడ పోయిందనుకుంటున్నారు?

డబ్బుల సంగతి. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహారశుద్ధి పథకంలో, ఈ పని చేసే సంఘ సభ్యురాలికి చిన్న పనిముట్లకు, పెట్టుబడికి 40,000 రూపాయల వరకు మూలధనం సమాఖ్య ద్వారా ఇచ్చే ఏర్పాటు చేశారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో వెలుగు ఆఫీసులో అడిగి, తర్వాతే కాగితాలు పెట్టుకోండి. ఎవరికివాళ్లు కొంటే రేటు ఎక్కువ పడుతుంది కాబట్టి జల్లెడలు అందరం కలిసి తెప్పించుకుందాం. భోజనాల దగ్గర పుస్తకం పెడతాం. సంఘం పేరు, మెష్ నంబరు, ఎన్ని కావాలో, మీ బేసిన్ మూతి కొలత ఎన్ని అంగుళాలో రాయించి పోండి.