తోలుబొమ్మలాటలో కేతిగాడు



రామాయణమున కేతిగాడు ఎచ్చట నున్నాడని ఎవరైన నన్నడిగినచో, వాల్మీకము మొదలు మొల్ల రామాయణము వరకు పుటలు తిరుగవేసినను వానిని చూపజాలను. అయినను మన పాలమూరు, నల్లగొండ సీమలలో బొమ్మలాట చూచి పెరిగిన పెద్దలు రాముని కిరీటము ఎట్లుండెనో మరచియుందురు గాని, కేతిగాని బానబొజ్జను మరచియుండరు. వానిని గూర్చియే ఈ దినము నాలుగు మాటలు చెప్పదలచితిని. వాని యెడల నేనొక తప్పు చేసియుంటిని. అదియు దాచక చెప్పెదను.

నా చిన్నతనమున, దీపావళి వెళ్లిన పిమ్మట కురుమూర్తి స్వామి జాతర జరుగునపుడు, కృష్ణకు ఆవలినుండి ఆరెవారు బండ్లపై వచ్చెడివారు. జాతరలో ఆడి, పిదప ఊరూర దిగెడివారు. నాలుగు గుంజలు పాతి, తెల్లని బట్ట బిగించి, వెనుక ఆముదపు దీపములు పెట్టెడివారు. మేకతోలును పలుచగా గీకి, రంగులు వేసి, నడుమ చీలికబద్ద కట్టిన బొమ్మలవి. ఆంజనేయుని బొమ్మ మనిషియెత్తు ఉండెడిది. తెర వెనుక ఇంటిల్లిపాదియు పాడెడివారు. యుద్ధమున కాలిక్రింది చెక్కబల్లలను తొక్కినచో లంక కూలినట్లే తోచెడిది.

కథ ఒక్క రాత్రితో ముగిసెడిది కాదు. నాగపాశమున పడిన రామలక్ష్మణులను అట్లే వదలి తెల్లవారుజామున దీపములార్పెడివారు. మరునాడు పగలెల్ల పొలములలో అదియే మాట. ఇట్లు రాత్రి వెంట రాత్రి కథ మారును, పాత్రలు చత్తురు, పుట్టుదురు. మారనివాడు ఒక్కడే, కేతిగాడు. గణపతి, సరస్వతుల బొమ్మలు వచ్చి పోగానే వాడు ఎగురుచు వచ్చును. వెంట బంగారక్క తిట్టుచు వచ్చును. వాడు అయోధ్యలో నుండును, అశోకవనమున నుండును, విరాటుని కొలువులోను నుండును. వానికి తల్లిదండ్రులెవరో ఏ కవియు చెప్పలేదు. దేవతల బొమ్మలకన్న చిన్నది వాని బొమ్మ, రంగు నలుపు.

సంస్కృత నాటకములలో విదూషకుడు లేడా అని నాతోడి పండితులు అందురు. కలడు. శాకుంతలమున మాధవ్యుడు, మృచ్ఛకటికమున మైత్రేయుడు కలరు. బ్రాహ్మణులయ్యు వారు ప్రాకృతము పలుకుదురు. అంతవరకు పోలిక సరియే. కాని మాధవ్యుడు దుష్యంతుని మిత్రుడు, కథలోని మనిషి. కేతిగాడు ఎవరికి మిత్రుడు? వాడు కథకును మనకును నడుమనున్న తెరకు చెందినవాడు. జావాద్వీపమున తోలుబొమ్మలతో భారతకథ ఆడునపుడు సెమార్ అను పొట్టివాడు పాండవులను కొలుచుచు వచ్చును. వ్యాసుడు వాని నెరుగడు. ఆ దేశపువారు వానిని మారువేషమున నున్న దేవుడందురు. మన కన్నడ సోదరులకు వాడు కిళ్లేక్యాతుడు. అచ్చట బొమ్మలాడించు కులమునకే వాని పేరు వచ్చినది. ఆడించువాడెవడు, ఆడువాడెవడు అను భేదము అచ్చట చెడిపోయినదన్నమాట.

ఈ యాట నిన్న మొన్నటిది కాదు. పదమూడవ శతాబ్దమునాటి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున, శ్రీశైల శివరాత్రి జాతరను వర్ణించుచు, తెరమరుగున బొమ్మల నాడించువారిని చెప్పియున్నాడు. శ్రీశైలమునకు ఉత్తర ద్వారమగు ఉమామహేశ్వరము మన సీమలోనిదే కదా. బొమ్మలాటవారు పాడు రంగనాథ రామాయణ ద్విపదయు మనకు పరాయిది కాదు. దానిని గోన బుద్ధారెడ్డి రచించెనని గ్రంథమే చెప్పుచున్నది. గోనవారు పాలమూరు సీమలోని వర్ధమానపురము నేలినవారు. ఆరెవారు ఇంట మరాఠీవంటి మాట ఆడుదురు, తెరపై రాముడు ద్విపద పాడును, కేతిగాడు మాత్రము ఏ యూరికి పోయిన ఆ యూరి మాటే పలుకును.

ఇక నా తప్పు. 1982లో నేనొక పల్లెబడిలో క్రొత్తగా తెలుగు పండితుడనైతిని. వానలు వెనుకబట్టినందున పెద్దలు విరాటపర్వము ఆడింపదలచి బొమ్మలాటవారిని పిలిపించిరి. మొదటి రాత్రి కేతిగాడు పట్వారి సంగతి ఎత్తెను, తాగునీటి బావి సంగతి ఎత్తెను. అందరు నవ్విరి, నేనును నవ్వితిని. పిదప వాడు బంగారక్కతో, "ఏమే, పంతులు బడికొస్తె పోరగాండ్లు మేల్కొని ఉంటరు, పంతులే పంటడు. ఛందస్సు గురక పెడుతున్నడు, గణాలు లెక్కవెట్టుకో" అనెను. ఊరంతయు నావైపు తిరిగి నవ్వెను.

మధ్యాహ్నము ఎండలో కునుకు పట్టుట నిజమే. నిజమగుటచేతనే కోపము వచ్చెను. మరునాడు పెద్దలయొద్దకు పోయి, పుణ్యకథలో అసభ్యము చేరినచో రసభంగమగుననియు, వాన కొరకు ఆడు ఆటలో ఇది తగదనియు శాస్త్రము వల్లించితిని. చదివినవాడు చెప్పెనని వారు తలయూపిరి. ఆ ముసలి ఆటగాడు చేతులు జోడించి, "కేతిగాడు లేకుంటే బొమ్మ లేవదు సామీ" అని మాత్రమనెను. పగలు వాడు అందరికి చేతులు జోడించువాడే. రాత్రి కేతిగాని గొంతు లేకున్నచో ఆ చేతులు విప్పుకొనుటకు వానికి వేరు చోటు లేదని నాకప్పుడు తట్టలేదు.

ఆ రాత్రి కీచకవధ. పద్యములు చక్కగానే పాడిరి. అర్ధరాత్రికి పిల్లలు నిద్రించిరి. రెండవ జాముకే స్త్రీలు లేచిపోవ మొదలిడిరి. కీచకుడు చచ్చునప్పటికి తెర ముందు నేనును, నలుగురు పెద్దలును మిగిలితిమి. ఉదయమున వారు చాట పట్టి తిరుగగా జొన్నలు అంతంత మాత్రముగ రాలెను. మిగిలిన రాత్రులు ఆడకయే బండి కట్టిరి. ముసలివాడు బడిముందు బండి ఆపి నాకు నమస్కరించి పోయెను. వానికి కోపము లేదు. ఉన్నచో నాకు సుఖముగా నుండెడిది.

అటుపిమ్మట ఆ యూరికి బొమ్మలాట రాలేదు. నా వలననే రాలేదనుట గొప్పలు చెప్పుకొనుటయగును. సినిమా వచ్చెను, టెలివిజను వచ్చెను, ఆడువారు పొట్టకై చెదరిరి. అనంతపురపు సీమలోని నిమ్మలకుంటలో మాత్రము ఆ విద్య నిలిచినది. ఆ యూరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. కాని ఈనాడు తోలుపై రంగులు వేయువారిలో పెక్కుమంది దీపపు గొట్టములు, గోడచిత్రములు చేసి బ్రతుకుచున్నారు.

కొన్ని యేండ్ల క్రిందట హైదరాబాదులో చేతిపనుల అంగడిలో అట్టి యువకుని చూచితిని. హనుమంతుడు, సీత, నెమలి వ్రేలాడుచుండెను. కేతిగాడున్నాడా అని యడిగితిని. "వాణ్ణి ఎవరూ కొనరండీ" అని నవ్వి, పెట్టె అడుగునుండి నల్లబడిన పాతబొమ్మ నొకదానిని తీసెను. అది తాతది, అమ్మునది కాదట. ఆడింపుమంటిని. బొమ్మను ఎగురజేసెను, చేయి కదిపెను, కాని నోట మాట లేదు. మాటలు తాతకే తెలియునని చెప్పెను.

నేను బల్లమీద కూర్చుండి, పంతులు గురక మాట మొదలుకొని, పట్వారి మాట, బావి మాట, నాకు జ్ఞాపకమున్నంత చెప్పితిని. అతడు కాగితపు సంచిని చింపి, వెనుకవైపున వ్రాసికొనెను.