వెండి చూపిన కణము



వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ సీమలనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి, ఈ సూరతు నగరమున మరమగ్గముల మ్రోతల నడుమ బిడ్డలను చదివించుకొన్న తెలుగు నేతకుటుంబములవారును ఈ స్నాతకోత్సవ సభయందు ఆసీనులై యుండుట చూడగా, నాడీశాస్త్రమును గూర్చి ప్రసంగింపవలెనను నా సంకల్పము మరింత దృఢపడినది. మేల్కొనియున్న మస్తిష్కమును, అసంఖ్యాకములైన నాడెలు నేయుచునే విప్పుచుండు మాయమగ్గముతో పోల్చినవాడు ఆంగ్లశాస్త్రజ్ఞుడు షెరింగ్టను. అయితే ఆ మగ్గమునకు వేరుగా నేతగాడు లేడు. దాని పోగులైన నాడీకణములును ప్రాయికముగ ఒకదానితో నొకటి ముడిపడియుండవు.

ఈ రెండవ సంగతి తెలియుటకు వెండి కావలసివచ్చినది. 1873లో ఇటలీ వైద్యుడు కామిల్లో గోల్జీ, పొటాషియం డైక్రోమేటుతో గట్టిపరచిన మెదడు తునకను సిల్వర్ నైట్రేటు ద్రావణమున నుంచగా, లెక్కలేనన్ని కణములలో ఏ కొన్నియో మాత్రమే, శాఖోపశాఖలతో సహా, పసుపు నేలపై నల్లగా ప్రత్యక్షమైనవి. అన్నియు నల్లబడియుండినచో ఏదియు కనబడెడిది కాదు! ఆ పద్ధతినే చేపట్టి స్పెయిను దేశీయుడైన సాంటియాగో రమోన్ ఇ కహాల్, పక్షుల అనుమస్తిష్కమును పరిశీలించి, స్వహస్తముతో చిత్రించి, ప్రతి నాడీకణమును స్వతంత్రమని 1888లో ప్రకటించెను. గోల్జీయో, అంతయు నొకే అవిచ్ఛిన్నమైన వల యనెను. 1906లో నోబెల్ బహుమానమును పంచుకొన్న సందర్భముననే వారిరువురును పరస్పరవిరుద్ధముగ ప్రసంగించిరి. కణముల నడుమనున్న సూక్ష్మావకాశము 1950వ దశకమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి గోచరించునప్పటికి ఇరువురును కీర్తిశేషులు.

ఒకే విధమైన గాజుపలకలను చూచిన ఇరువురు మహనీయులకు రెండు సత్యములు తోచిన ఈ వృత్తాంతమును, పట్టము పుచ్చుకొనకముందే విద్యార్థి వినవలెను. మన దేశమున బి.యస్సీ.యందు నాడీశాస్త్రము ప్రత్యేకశాఖగా లభించుట అరుదు. బెంగుళూరు నిమ్హాన్సులోనో, మానేసరులోని జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రమునందో, హైదరాబాదు విశ్వవిద్యాలయమునందో పైచదువులకు పోయిన పిమ్మట గాని పెక్కుమందికి దానితో పరిచయము కలుగదు. అంతవరకు వేచియుండుడనువారి మాట నాకు సమ్మతము కాదు. కణపు పొర గుండ సోడియము, పొటాషియము అయానులు ప్రవహించుటవలననే విద్యుత్సంకేతము జనించునని గ్రహించుటకు జంతుశాస్త్రము, రసాయనము, భౌతికము మూడును కావలయును. జంతుశాస్త్రవిద్యార్థి భౌతికశాస్త్రపు గడప త్రొక్కుటకు జంకని వయస్సు ఇదియే.

ఈ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమునను పాఠశాలలు నడుపుచున్నది. స్నాతకులారా, మీలో తెలుగు వచ్చినవారు సూక్ష్మదర్శిని నొకదానిని ఆ బడులకు గొనిపోయి, పిల్లలకు చూపి, చూచినది చూచినట్లు బొమ్మ గీయింపుడు. ఇద్దరి బొమ్మలు భిన్నముగ నున్నచో, ఏది సరియో మీరు చెప్పక, గాజుపలకను మరల చూడుమనుడు.